మీటరు తిరగని బండి మైలేజీ

మా కారు ఇప్పటిదాకా ఎన్ని కిలోమీటర్లు తిరిగిందో ఎవరూ చెప్పలేరు. స్పీడు ముల్లు బాగానే లేస్తుంది, పెట్రోలు ముల్లూ సరిగ్గానే చూపిస్తుంది. కిలోమీటర్ల అంకెలు మాత్రం ఏళ్ల కిందటే ఒకచోట ఆగిపోయాయి. బాగుచేయాలంటే స్టీరింగు వెనకున్న బోర్డు మొత్తం మార్చాలని జగ్గయ్యపేటలో మేం ఎప్పుడూ చూపించే మెకానిక్ భాయ్ చెప్పాడు. మా ఆయన నవ్వేశారు.

"జగ్గయ్యపేట నుంచి నందిగామ ఎంత దూరమో నాకు బండి చెప్పాలా భాయ్?" అన్నారు.

అది ఉత్త గొప్ప కాదు. ముక్త్యాల వైపు సిమెంటు ఫ్యాక్టరీలో, బస్తాలు లారీలకెక్కించే చోట ఆయన ఉద్యోగం చేసి రిటైరయ్యారు. రోజంతా లారీ డ్రైవర్లతోనే మాటలు. హైవే మీద వెళ్తే ఎంత, ఊళ్లలోంచి లోపల రోడ్డున వెళ్తే ఎంత, వాన పడి వాగు పొంగితే చుట్టూ తిరిగి ఎంత, అన్నీ ఆయనకి నోటికి వచ్చు. ఇంట్లో ఉప్పు డబ్బా ఎక్కడుంటుందో మాత్రం ఇన్నేళ్లయినా రాలేదు.

ఆ దూరాలతోనే మైలేజీ లెక్క కట్టేవారు. ట్యాంకు ఫుల్ చేయించడమంటే బంకువాడి చేతిలో గన్ను టక్కుమని తనంతట తాను ఆగేదాకా పోయించడం. మళ్లీ ఆదివారం వెళ్లి అలాగే ఫుల్ చేయించడం. మధ్యలో ఎన్ని లీటర్లు తాగిందో బంకు మిషను చెబుతుంది. ఎక్కడెక్కడ తిరిగిందో ఆయన వేళ్లు ముడుస్తూ చెబుతారు. నందిగామ రానూపోనూ ఒక వేలు, ముక్త్యాల ఒక వేలు, బజారు పనులన్నీ కలిపి చిటికెన వేలు. గన్ను బయటికి తీసేలోపు భాగహారం అయిపోయేది. "పద్నాలుగు" అని ప్రకటించేవారు, పిల్లాడికి క్లాసులో ఫస్టు వచ్చినట్టు. మాది పాతకాలం పొడుగు బండి, దానికి ఆ వయసులో లీటరుకి పద్నాలుగు అంటే మర్యాదే మరి.

పెట్రోలు కూడా ఊళ్లో పోయించరు. గరికపాడు చెక్‌పోస్టు దాటి తెలంగాణలోకి అడుగుపెడితే కాస్త చవక. మా వైపు కార్లున్న వాళ్లలో సగం మందికి ఆ అలవాటుంది. చవకగా వచ్చిందంతా అక్కడికి వెళ్లి రావడానికే అయిపోతుంది కదండీ అని నేను అడిగితే, దారిలో ఇడ్లీ తింటున్నావా లేదా అనేవారు. తింటున్నాను కాబట్టి ఊరుకునేదాన్ని.

నా సంగతి కూడా చెప్పాలి. నేను నందిగామలో హైస్కూలు టీచర్ని. పరీక్ష హాల్లో నిలబడ్డానంటే ఎవడి సాక్సులో స్లిప్పుందో నడక చూసి చెప్పగలను. ఆ చూపు స్కూల్లో వదిలి ఇంటికి రావడం నాకు చేతకాదు. పాలవాడు నురగ ఎక్కువ పోస్తాడు, కూరగాయలమ్మాయి తక్కెడ కింద వేలు పెడుతుంది, పక్కింటివాళ్లు మా నీళ్ల మోటారు వేసినప్పుడే వాళ్ల కుళాయి తిప్పుతారు. ఇవన్నీ నిజాలు. నేను అనుమానించినవాటిలో చాలామటుకు నిజాలేనని మా ఆయన కూడా ఒప్పుకుంటారు, కాకపోతే నాతో బజారుకి రారు.

ఆడవాళ్లకి బస్సు ఫ్రీ అయ్యాక నేను కారు మానేసి బస్సులో వెళ్లడం మొదలుపెట్టాను. అంతకుముందు పొద్దున్నే నన్ను దింపి, సాయంత్రం తీసుకురావడం ఆయన పని. ఇప్పుడు బండి పగలంతా గేటు లోపల నీడలో, ఆయన వరండాలో. ఆ మార్పు వచ్చిన కొన్నాళ్లకి బంకులో ఆయన నోటి నుంచి పద్నాలుగు రాలేదు. రెండుసార్లు వేళ్లు ముడిచి, విప్పి, "పదకొండేంటి?" అన్నారు.

మొదటి నేరం బంకు మీదకి వెళ్లింది. అక్కడ కొలిచి చూపించడానికి ఐదు లీటర్ల క్యాన్ ఒకటి పెడతారు, ఎవరూ అడగరు. మా ఆయన అడిగారు. వెనక లారీల వాళ్లు హారన్లు కొడుతుంటే గీత దాకా పోయించి, క్యాన్ ముందు వంగి, ఒక కన్ను మూసి మరీ చూశారు. సరిగ్గా గీత మీద ఉంది. నాకు నమ్మకం కలగలేదు, క్యానే తప్పుదేమో ఎవరికి తెలుసు? పక్క బంకుకి మారాం. అక్కడా అంతే.

తర్వాత మెకానిక్ భాయ్. ప్లగ్గులు మార్చాడు, ఫిల్టరు దులిపాడు, టైర్లలో గాలి చూశాడు, కారు కింద అట్ట పరిచి ఒక పూటంతా ఉంచి ఎక్కడా చుక్క కారడం లేదని చూపించాడు. "బండి మంచిగుంది మేడమ్, వయసుకి మించి మంచిగుంది" అన్నాడు. నేను మా ఆయన్ని పక్కకి పిలిచి, "ఏమీ లేదంటున్నాడంటే ఏదో చేశాడన్నమాట" అన్నాను. మా ఆయన నావైపు చూసిన చూపు ఇక్కడ రాయను.

మూడో నేరం వీధి మీద పడింది. ఎవరో రాత్రిపూట పైపు వేసి పెట్రోలు లాగేస్తున్నారని ఆయన తేల్చారు. తాళం ఉన్న ట్యాంకు మూత కొన్నారు. బండికి గుడ్డ కప్పారు. గేటు గడియకి నా పాత చీర కొంగు చింపి ముడేశారు, ఎవరైనా తీస్తే తెలుస్తుందని. ముడి ఎప్పుడూ వేసినట్టే ఉండేది. మైలేజీ మాత్రం పదికి దిగింది.

అప్పుడు నాకు వెలిగింది. బంకు కాదు, మెకానిక్ కాదు, వీధి కాదు. మరి పెట్రోలు ఎటు పోతున్నట్టు? మీటరు లేదు. బండి ఎక్కడ తిరిగిందో చెప్పే సాక్షి ఒక్కరే. పరీక్ష హాల్లో అందరికంటే గట్టిగా "మేడమ్, వీడు కాపీ కొడుతున్నాడు" అని అరిచేవాడి జేబు ముందు వెతకాలని నాకు ఎవరూ నేర్పక్కర్లేదు. మైలేజీ పడిపోయిందని ఊరంతా చాటుతున్నది ఎవరు?

ఆ రోజు నుంచి కళ్లలో వత్తులు వేసుకుని చూశాను. చూసేకొద్దీ దొరికాయి. ఒక సాయంత్రం ఇంటికొచ్చేసరికి కారు అద్దాల మీద తెల్లటి సిమెంటు దుమ్ము. ముక్త్యాల రోడ్డున లారీల వెనక వెళ్తే తప్ప అంత దుమ్ము పట్టదు.

"ముక్త్యాల వెళ్లొచ్చారా?" అన్నాను మామూలుగా.

"లేదే. ఇవాళ ఎక్కడికీ పోలా."

మనిషి నిమ్మకు నీరెత్తినట్టు కూర్చుని పేపరు చదువుతున్నారు. ఇంకో రోజు ముందు సీట్ల మధ్య పెనుగంచిప్రోలు గుడి కుంకుమ పొట్లం కనబడింది. అడిగితే, "నువ్వే పెట్టుంటావ్" అన్నారు. నేను ఆ గుడికి వెళ్లి ఎన్నాళ్లయిందో నాకు తెలియదా? మరోసారి డిక్కీలో సంచెడు జామకాయలు, మగ్గిపోయి, వాసన కొడుతూ. అవి ఎవరివో ఆయనకి తెలియదట. ఫోను ఇంట్లో వదిలి వెళ్లడం మొదలుపెట్టారు. నేను మధ్యాహ్నం ఫోన్ చేస్తే ఎత్తేవారు కాదు, తర్వాత నిద్రపోయానని చెప్పేవారు. ఫాస్టాగ్ మెసేజ్‌లు చూద్దామంటే, టోల్ గేటు తప్పించుకుని లోపల రోడ్డున వెళ్లడం ఆయనకి పరువు సమస్య. ఏ గేటు దగ్గరా ఆయన ఆనవాలు దొరకదు.

ఇంతలో స్టాఫ్ రూములో మా తోటి టీచరు, జి.కొండూరు నుంచి వచ్చే ఆవిడ, టిఫిన్ డబ్బా మూత తీస్తూ మాటల్లో మాటగా అంది.

"మొన్న మంగళవారం సెలవు పెట్టా కదా మేడమ్. మా ఊళ్లో మీ సారు కనబడ్డారు. పాల కేంద్రం పక్కన కారాపుకుని కూర్చున్నారు. పలకరిస్తే నవ్వారు. ఎవరింటికొచ్చారండీ అంటే చెప్పలా."

నేను నా డబ్బాకి మూత పెట్టేశాను. జి.కొండూరులో మాకు చుట్టాలు లేరు, స్నేహితులు లేరు, పొలం లేదు. జగ్గయ్యపేట నుంచి అది దగ్గరా కాదు. ఆ సాయంత్రం బస్సులో కిటికీ పక్కన కూర్చుని ఆలోచిస్తుంటే అన్నీ వరసలో వచ్చి నిలబడ్డాయి. ఫోను వదిలెయ్యడం. జామకాయలు. గుడి. కారు దిగకుండా ఎవరి కోసమో ఎదురుచూడడం. నేను బస్సెక్కడం మొదలుపెట్టాకే ఇదంతా మొదలవడం.

ఇంకో ఆడమనిషి ఉంది. ఇంతకంటే మర్యాదగా చెప్పడం నాకు రాదు. ఆవిడకి నేను ఒక రూపం కూడా ఇచ్చాను. నాకంటే కాస్త చిన్నది, పెరట్లో జామచెట్టు ఉన్నది, ఎక్కువ ప్రశ్నలు అడగనిది. ఆ చివరిదే నన్ను ఎక్కువ మండించింది.

ఇంటికెళ్లి అడిగాను. "మంగళవారం జి.కొండూరులో ఏం పని?"

ఆయన అన్నం కలుపుతున్న చెయ్యి ఆపి నావైపు చూశారు. "జి.కొండూరా? నేనెందుకెళ్తా?"

"మా టీచరు చూసింది. మాట్లాడింది."

"ఇంకెవర్నో చూసుంటుంది." ఆ తర్వాత ఎన్నడూ లేనిది, కంచం పక్కకి నెట్టి గట్టిగా అరిచారు. "వెళ్లలేదంటే వెళ్లలేదు! నువ్వు బడి పిల్లల్ని అడిగినట్టు నన్నడక్కు!"

నన్ను బెదరగొట్టింది ఆ అరుపు కాదు. ఆయన అబద్ధం చెప్పే పద్ధతి. ఈయన చీటీపాట పాడానని దాచబోయి చెవులు ఎర్రబడి దొరికిపోయే మనిషి. అలాంటిది నా కళ్లలోకి సూటిగా చూసి, రెప్ప కొట్టకుండా, చెవులు ఎర్రబడకుండా చెబుతున్నారు. ఇంత బాగా ఆడాలంటే ఎన్నాళ్లనుంచి ఆడుతుండాలి? రాత్రి పక్కన పడుకుంటే మా మధ్య ఎవరో కూర్చున్నట్టే ఉండేది. ఇంత కాలం కలిసి బతికింది ఎవరితోనో తెలియకుండానే బతికానేమోనని ఏడుపు వచ్చింది. ఏడ్చాను కూడా, కుళాయి తిప్పి, బాత్రూంలో.

ఆయన్ని నిలదియ్యడానికి గట్టి ఆధారం కావాలనుకున్నాను. ఆధారం లేకుండా పిల్లాడినైనా హాల్లోంచి పంపలేం. అందుకే తర్వాతి ఆదివారాలు బంకుకి వెళ్లినప్పుడు ఆయన వేళ్లు ముడుస్తుంటే జాగ్రత్తగా వింటూ వచ్చాను. దుమ్ము పట్టిన రోజు ముక్త్యాల చెప్పరు. కుంకుమ దొరికిన వారం పెనుగంచిప్రోలు చెప్పరు. చెప్పిన ఊళ్ల లెక్కకి మాత్రం లీటర్లు భాగించి, "చూశావా ఎంత పడిపోయిందో" అని నాకే మొర పెట్టుకునేవారు. ఎంత తెలివి అనుకున్నాను. దొంగ తనే పోలీసు కంప్లయింటు ఇస్తున్నాడు.

తర్వాత ఒక శనివారం వచ్చింది. మధ్యాహ్నం నుంచి నందిగామలో ఒకటే వాన. బడి వదిలేసరికి గ్రౌండంతా నీళ్లు. బస్టాండు దాకా ఎలా పోవాలా అని గొడుగు విప్పుతుంటే గేటు బయట మా కారు. వైపర్లు అటూ ఇటూ కొట్టుకుంటున్నాయి. లోపల నుంచి వంగి తలుపు తీసి, "రా, రా, తడిసిపోతావ్" అన్నారు.

"ఎందుకొచ్చారు? నేనేం చెప్పలేదే."

"వాన కదే."

నాకు ఆ జవాబు కూడా నచ్చలేదు. ఇన్నాళ్లూ పడని వాన ఇవాళే పడిందా? జి.కొండూరు గొడవ తర్వాత మంచివాడనిపించుకోవడానికి వచ్చారని అనుకున్నాను. అయినా ఎక్కాను. దారిలో ఒకచోట తాటాకు పందిరి కింద మొక్కజొన్న పొత్తులు కాలుస్తుంటే ఆపారు. ఆ వానలో తలమీద చేతి రుమాలు వేసుకుని దిగి, రెండు పొత్తులు తెచ్చారు. నాదానికి నిమ్మకాయ ఎక్కువ రాయించి తెచ్చారు, నాకు ఇష్టమని. అద్దాలకి ఆవిరి పట్టేసింది. కారు కదలకుండా పొత్తులు తిన్నాం. ఆయన ఫ్యాక్టరీలో ఒకసారి బస్తాల కింద తాచుపాము దొరికిన కథ చెప్పారు. నాకు తెలిసిన కథే. అయినా పామును చూసి లారీ ఎక్కి కూర్చున్న మేనేజరు దగ్గరికి వచ్చేసరికి ఇద్దరం పొట్ట పట్టుకుని నవ్వాం. నవ్వుతూనే, ఈ మనిషి ఇంకెవరితోనైనా ఇలా కూర్చుంటున్నాడా అని ఆయన మొహంలోకి చూశాను. ఇంటి ముందు దిగి గేటు తీసేలోపు తడిసిపోయాను. ఆయనే టవలు తెచ్చి ఇచ్చారు.

మర్నాడు ఆదివారం. గరికపాడు దాటి బంకులో ఆగాం. వాన వెలిసి ఎండ కాస్తోంది. కుర్రాడు గన్ను పెట్టాడు, టక్కుమని ఆగింది. ఆయన కారులోనే కూర్చుని, స్టీరింగు మీద చెయ్యి పెట్టి వేళ్లు ముడిచారు.

"సోమవారం ముక్త్యాల, పెళ్లి భోజనానికి. గురువారం నందిగామ, బ్యాంకు పని. ఇదిగో ఇవాళ ఇక్కడికి. అంతే."

ఇంకో వేలు ముడుస్తారని చూశాను. ముడవలేదు. పెదాలు కదుపుతూ భాగహారంలోకి వెళ్లిపోయారు.

"ఇంకా?" అన్నాను.

"ఇంకేముంది?"

"నిన్న?"

"నిన్న వాన కదే. బండి గేటే దాటలా."

నన్ను ఆటపట్టిస్తున్నారనుకున్నాను. కానీ మైలేజీ లెక్క దగ్గర ఆయన ఎన్నడూ వేళాకోళం ఆడరు. మెల్లగా అడిగాను, గొంతు మామూలుగా ఉంచుకుని.

"నిన్న నేను ఇంటికెలా వచ్చానండీ?"

"బస్సులో." నేను అడిగిన తీరు చూసి ఆయనకి కాస్త నవ్వు వచ్చింది. "తడిసి ముద్దయి వచ్చావ్ కదా. టవలిచ్చింది నేనే. మర్చిపోయావా?"

చెవులు ఎర్రబడలేదు. నా కళ్లలోకి సూటిగా, ప్రేమగా చూస్తున్నారు. జి.కొండూరు గురించి అడిగినప్పుడు చూసిన చూపే.

స్లిప్పులు పట్టుకునే నా బుర్ర అప్పటికీ ఆగలేదు, ఇందులో ఆయనకి లాభమేమిటా అని వెతికింది. అబద్ధమాడేవాడు ఎవరి నుంచో ఏదో దాచడానికి ఆడతాడు. నేను ఇదే సీట్లో, ఇదే మనిషి పక్కన కూర్చుని వచ్చిన ప్రయాణాన్ని నా దగ్గరే దాచి ఆయనకి ఏం ఒరుగుతుంది? ఏమీ ఒరగదు. ఆయన అబద్ధం ఆడడం లేదు. జి.కొండూరు వెళ్లలేదన్న రోజూ ఆడలేదు. ముక్త్యాల దుమ్ము, గుడి కుంకుమ, డిక్కీలో జామకాయలు, వాటి గురించి ఆయన చెప్పిందంతా ఆయనకి తెలిసిన నిజమే. పాల కేంద్రం పక్కన కారాపుకుని కూర్చున్నది ఎవరి కోసమూ కాదు. ఎందుకొచ్చారో గుర్తు రాక కూర్చున్నారు. ఎవరింటికని అడిగితే అందుకే చెప్పలేదు, నవ్వారు.

పెట్రోలు ఎవరూ తియ్యలేదు. ప్రతి చుక్కకీ బండి నడవాల్సినంత నడిచింది, ఆయనే నడిపారు. నడిపినదాన్ని ఆయన పోగొట్టుకుంటున్నారు. వారం వారం ఇంకాస్త. ఆ పోయినదంతా ఆయన వేళ్ల మీద తక్కువై, బంకులో పడిపోతున్న మైలేజీగా నాకు వినబడుతూనే ఉంది.

"తొమ్మిది కూడా రావట్లేదే" అన్నారు ఆయన. లెక్క అయిపోయినట్టుంది. గొంతు తగ్గించి, బంకు కుర్రాడికి వినబడకుండా నావైపు వంగారు. "ఎవరో తీస్తున్నారు. మనకి బాగా తెలిసినవాళ్లే. నువ్వు కొంచెం కనిపెట్టి చూడు, నీకైతే దొరుకుతారు."

నాకు ఏడుపు ఆగలేదు. ఎందుకే, ఏమైందే అని ఆయన కంగారుగా నా చెయ్యి పట్టుకున్నారు. నేనేం చెప్పను? ఆ జి.కొండూరు ఆవిడ, పెరట్లో జామచెట్టున్నది, నాకంటే చిన్నది, నిజంగా ఉండి ఉంటే ఎంత బాగుండేది. ఈయన ఆవిడ దగ్గరికే వెళ్లి, ఆవిడ పేరు గుర్తుపెట్టుకుని, నా దగ్గర చెవులు ఎర్రబడేలా అబద్ధం ఆడి ఉంటే నేను ఈ రోజు పోట్లాడుకుంటూ ఇంటికి వెళ్లేదాన్ని.